ఇంకిలాబ్ అని రాసి తప్పు చేశాను

నేను పెరిగింది హైదరాబాద్ పాతబస్తీలో. ఉర్దూ వీధిలోనే వచ్చేసింది. అరబిక్‌ను యూనివర్సిటీలో చదువుకున్నాను. అందుకే 400 రాజనీతిశాస్త్ర పదాలను ఇంగ్లిష్ నుంచి అరబిక్‌లోకి మార్చే పని వచ్చినప్పుడు టెన్షన్ పడలేదు. సగం మాటలు చిన్నప్పటి నుంచి విన్నవే కదా అన్న ధైర్యం. ఆ ధైర్యమే నన్ను ముంచింది.

'రివల్యూషన్' పక్కన 'ఇంకిలాబ్' అని రాశాను. ఊరేగింపుల్లో 'ఇంక్విలాబ్ జిందాబాద్' వింటూ పెరిగినదాన్ని, ఇంకో మాట తట్టనే లేదు. నా పని సరిచూసిన ఈజిప్టు ఆవిడ ఆ ఒక్క గడికీ ఎర్ర రంగు పూసి పంపింది. అరబిక్‌లో ఇంకిలాబ్ అంటే విప్లవం కాదు, సైన్యమో మరెవరో బలంతో ప్రభుత్వాన్ని కూలదోయడం. విప్లవాన్ని 'థౌరా' అంటారు. 1952 జూలైలో సైనికాధికారులు ఫారూఖ్ రాజును దించేశారు. ఈజిప్టులో దాని అధికారిక పేరు థౌరా. దాన్ని తప్పుపట్టేవాళ్లు ఇంకిలాబ్ అంటారు. ఏ మాట వాడితే ఆ పక్షాన నిలబడ్డట్టే. నేనేమో ఫ్రెంచి విప్లవాన్ని కుట్రగా మార్చేశాను!

సిగ్గేసింది. జాబితా మొత్తం మళ్లీ మొదటి నుంచి పట్టాను. ఉర్దూలో జమ్హూరియత్ ప్రజాస్వామ్యం. అరబిక్‌లో 'జుమ్హూరియ్యా' గణతంత్రం. ప్రజాస్వామ్యానికి వాళ్లు గ్రీకు మాటనే 'దీముక్రాతియ్యా'గా తెచ్చుకున్నారు. ఇక చెవిని నమ్మడం మానేసి అరబ్ దేశాల రాజ్యాంగాలు ముందు పెట్టుకున్నాను. 'ఫెడరల్' దగ్గర 2005 నాటి ఇరాక్ రాజ్యాంగం మొదటి అధికరణమే దారి చూపింది. అందులో ఉన్నది 'ఇత్తిహాదీ'.

మధ్యలో ఒక మాట నాకు ఎంతో సంతోషమిచ్చింది. అకౌంటబిలిటీని 'ముసాఅలా' అంటారు. దాని మూలం 'సుఆల్', అంటే ప్రశ్న. మన 'సవాలు' అక్కడిదే. మనం జవాబుదారీతనం అంటాం, ఆ 'జవాబు' కూడా అరబిక్ నుంచి వచ్చిందే. వాళ్లు ప్రశ్న వైపు నుంచి చెప్పిన సంగతినే మనం జవాబు వైపు నుంచి చెప్పుకుంటున్నాం.

అన్నిటికంటే ఎక్కువ రోజులు తిన్నది 'నేషనలిజం'. అరబ్బులంతా ఒకే జాతి అని ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ కాలంలో మోగిన భావం 'కౌమియ్యా'. ఈజిప్టువాళ్లకు ఈజిప్టు మీద, ఇరాకీలకు ఇరాక్ మీద ఉండే అభిమానం 'వతనియ్యా'. ఒక పదానికి ఒకే పదం ఇవ్వాలని పని ఇచ్చినవాళ్లు పట్టుబట్టారు. ఒకటి తీసేస్తే చదివే విద్యార్థికి సగం చరిత్ర కనబడదని నేనూ పట్టు వదల్లేదు. ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాను. ఈజిప్టు ఆవిడ కూడా నా వైపే మాట్లాడింది. చివరికి ఒప్పుకున్నారు. ఆ గడిలో ఇప్పుడు రెండు మాటలూ ఉన్నాయి, కింద రెండు వాక్యాల వివరణతో.