కాల్చే ముందు తొమ్మిది రోజులు

నాకు నొప్పి లేదు, తెల్లబట్ట లేదు. ఆఫీసువాళ్లిచ్చిన హెల్త్ చెకప్ కూపన్ వృథా పోతుందని వెళ్లానంతే. పాప్ స్మియర్‌లో, అంటే గర్భాశయ ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పరీక్షలో, తేడా వచ్చింది. ఆ రోజు మలక్‌పేట నుంచి మెట్రోలో సీటున్నా నిలబడే ఇంటికొచ్చాను.

తర్వాత కాల్పోస్కోపీ, ముఖద్వారాన్ని పెద్దది చేసి చూసే పరీక్ష. వెనిగర్‌లో ఉండే యాసిడ్‌నే పలచగా చేసి గర్భాశయ ముఖద్వారానికి రాశారు. తేడా ఉన్నచోట తెల్లబడుతుందట. తెరమీద నేనూ చూశాను, మీగడ అంటినట్టు ఒక మచ్చ. లేజర్‌తో పోతుందన్నారు డాక్టరమ్మ.

"అయితే ఇవాళే చేసేయండి మేడమ్."

"లేజర్ పడిన కండ ఆవిరైపోతుందమ్మా, పరీక్షకు ఏమీ మిగలదు. లోపల క్యాన్సర్ ఉంటే మనకు తెలియకుండానే పైపైన కాల్చినట్టవుతుంది. ముందు ముక్క తీసి చూద్దాం."

బయాప్సీ రిపోర్టుకు తొమ్మిది రోజులు. నేను నిజంగా జబ్బుపడింది అప్పుడే. అన్నం దిగేది కాదు. పిల్లల మీద ఊరికే అరిచేదాన్ని. అత్తయ్య ఒకటే మాట: "ఇద్దరు పిల్లలైనంక ఇంకెందుకే అది? గర్భసంచి తీపిచ్చుకుంటే పీడ పోతది." తనకు ముప్పై రెండేళ్లకే తీసేశారు. నడుం నొప్పి అప్పటినుంచేనని రోజూ చెప్పేదీ తనే!

రిపోర్టులో సిఐఎన్ 2 అని వచ్చింది. క్యాన్సర్ కాదు, వదిలేస్తే కొందరిలో అటు దారితీసే మార్పు.

లేజర్ రోజు గదిలో అందరికీ కళ్లద్దాలు, నాక్కూడా. మత్తు సూది ఒక్కటే చురుక్కుమంది. పొగ పీల్చే గొట్టం పెట్టినా వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది. మార్పులు గ్రంథుల్లోకి కూడా దిగుతాయని ఏడు మిల్లీమీటర్ల లోతు వరకు తీశారు. అరగంట కూడా పట్టలేదు.

రెండు వారాలు నీళ్లలాంటి స్రావం, మధ్యలో కాస్త ఎరుపు. నాలుగు వారాలు కలయిక వద్దన్నారు. ఆ మాట మా ఆయనకు డాక్టరమ్మే చెప్పింది, నా పని తప్పింది.

ఆఫీసులో ఒకావిడ లేజర్ అనగానే అదోలా నవ్వింది, ఫోన్లో కనబడే యోని 'బిగుతు' ప్రకటనల లేజర్ అనుకుని. వాటివల్ల కాలిన గాయాలు, మచ్చలు అవుతున్నాయని అమెరికాలో మందులు, వైద్య పరికరాలపై నిఘా పెట్టే ఎఫ్‌డీఏ 2018లోనే హెచ్చరించింది. ఆ సంగతి చెబితే నవ్వు ఆపింది.

ఆరు నెలలకు మళ్లీ స్మియర్, మళ్లీ ఎదురుచూపు. ఈసారి అన్నం దిగింది. నార్మల్. ఏడాదికి మళ్లీ రమ్మన్నారు. కూపన్ అయిపోయింది, డబ్బులు కట్టే వెళ్లాలి.