ఫ్రెడెరికా దగ్గర ఎర్ర ఇటుకల గుడి

మెదక్ చర్చి నీడలో పెరిగినదాన్ని కదా, బారట్స్ చాపెల్ చూడగానే ఇంత చిన్నదా అనిపించింది. అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో డోవర్ దాటి దక్షిణంగా వెళ్తే, ఫ్రెడెరికా ఊరి దగ్గర హైవే పక్కనే ఉంది. చుట్టూ సమాధులు. శిఖరం లేదు. 42 అడుగులకు 48 అడుగులు, అంతే. బావ కారు ఆపి "ఇదేనా?" అన్నాడు.

అలవాటు కొద్దీ చెప్పులు బయటే విడిచాను.

1780లో కట్టిన గుడి ఇది. ఒకప్పుడు అక్కడ షెరీఫ్‌గా పనిచేసిన ఫిలిప్ బారట్ స్థలం ఇచ్చాడు. మెథడిస్టులంటే ప్రొటెస్టెంట్ క్రైస్తవుల్లో ఒక శాఖవాళ్లు. అమెరికాలో వాళ్లు తమకోసం కట్టుకుని ఇప్పటికీ నిలిచి ఉన్న గుళ్లలో ఇదే పాతది. అప్పట్లో వాళ్లకు ప్రసంగికులు ఉన్నారు గానీ, బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం ఇచ్చే అధికారం వాళ్లలో ఎవరికీ లేదు. దానికి ఆంగ్లికన్ (ఇంగ్లండు సంఘపు) గురువులే దిక్కు. ఇంగ్లండుతో యుద్ధం రావడంతో వాళ్లలో చాలామంది వెళ్లిపోయారు. ప్రభువు బల్ల దగ్గరికి, అంటే ఆ భోజనానికి, రాలేక విశ్వాసులు ఎంత బాధపడి ఉంటారో నాకు అర్థమవుతుంది.

1784 నవంబరు 14, ఆదివారం. మెథడిస్టులకు మూలపురుషుడైన జాన్ వెస్లీ ఆ అధికారం ఇచ్చి ఇంగ్లండు నుంచి పంపిన థామస్ కోక్ ఇక్కడ ప్రసంగం ముగించేసరికి, అమెరికాలోని ప్రసంగికులకు పెద్ద అయిన ఫ్రాన్సిస్ ఆస్బరీ వచ్చాడు. ఇద్దరూ అంతకుముందు ఎన్నడూ కలవలేదు. ఒకరినొకరు కౌగిలించుకున్నారు. ఆ రోజే ప్రభురాత్రి భోజనం ఇచ్చారు. కోక్‌తో వచ్చిన, నిన్నటిదాకా తనలాగే మామూలు ప్రసంగికుడైన వాట్‌కోట్ గిన్నె పట్టుకుని పంచుతుంటే ఆస్బరీ ఆశ్చర్యపోయాడట. తర్వాత బారట్ గారి భార్య ఇంట్లో భోజనాలు. ఆమె భర్త పోయి అప్పటికి నెల కూడా కాలేదు. ఆ దుఃఖంలోనే అంతమందికి వడ్డించింది. నాకు ఆమే ఎక్కువ గుర్తుండిపోయింది. ఆ డిసెంబరులోనే బాల్టిమోర్‌లో మెథడిస్టు సంఘం ఏర్పడింది.

ఆ రోజుకు గుర్తుగా గుడి నేల మీద నక్షత్రం ఉంది. దాని పక్కన చాలాసేపు నిలబడ్డాను. ఎందుకంటే కోక్ కథ ఇక్కడితో ఆగలేదు. 1813 చివర్లో, ముసలితనంలో, యువ ప్రసంగికులను వెంటబెట్టుకుని సిలోన్‌కు (ఇప్పటి శ్రీలంకకు) ఓడెక్కాడు. మిగతావాళ్లు చేరారు. వాళ్లలో ఒకరు 1817లో మద్రాసు వచ్చారు. ఆ వెస్లియన్ మిషనే తర్వాత హైదరాబాదు చేరింది, మెదక్ చేరింది. 1924 క్రిస్మస్ నాడు మా గుడిని ప్రతిష్ఠించారు.

బయటికొచ్చి అమ్మకు వీడియో కాల్ చేసి అంతా చూపించాను.

"ఆ కోక్ అయ్యగారి సమాధి గూడ ఆడనే ఉందా?"

"లేదమ్మా. ఓడలోనే చనిపోయాడు. హిందూ మహాసముద్రంలోనే సమాధి చేశారు."

అమ్మ కాసేపు మాట్లాడలేదు.

"మన దిక్కొస్తనే పోయిండా?" అంది.