పాత ఎఫ్‌సీ పికప్‌కు పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, కొత్త కార్బురేటర్: నా అనుభవం

మొత్తానికి బండి దారికొచ్చింది. నడి ఎండల మన్ననూరు ఘాట్ ఎక్కినా ఆగుత లేదు. కొలతలు మతికున్నప్పుడే రాసి పెడుతున్న, ఇదే పని పెట్టుకున్నోళ్లకు అక్కరకొస్తది.

బండి మహీంద్రా ఎఫ్‌సీ-150 (ఫార్వర్డ్ కంట్రోల్) పికప్. ఇంజిన్ రెండు సీట్ల నడుమ మూత కింద ఉంటది. హరికేన్ పెట్రోల్, నాలుగు సిలిండర్లు, 2199 సీసీ. ఇన్‌టేక్ వాల్వ్‌లు హెడ్డులో, ఎగ్జాస్ట్ వాల్వ్‌లు బ్లాకులో. ఇన్‌టేక్ దారి హెడ్డుతోపాటే పోత పోసి ఉంటది కాబట్టి కార్బురేటర్ నేరుగా హెడ్డు మీదనే కూర్చుంటది. ఈ సంగతి గుర్తుంచుకోండి, కింద పనికొస్తది.

ముందు డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్‌లకు వరుసగ కరెంటు పంచేది) బయటికి తీసి, రోటర్ కింది షాఫ్ట్‌ను వేళ్లతో అటూ ఇటూ ఊపి చూడాలె. చేతికి ఆట తెలిస్తే ఏ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ పెట్టినా దండుగ. పాయింట్లయితే (కాయిల్ కరెంటును కలిపి విడదీసేవి) గ్యాప్ తిరుగుడు తిరుగుడుకు మారుతది, కిట్‌ల వచ్చే హాల్ సెన్సర్ (మాగ్నెట్‌ను పసిగట్టేది) అయితే మాగ్నెట్ రింగ్ పోయి సెన్సర్‌కు రాసుకుంటది. మా దాంట్ల షాఫ్ట్‌ను పట్టే బుష్ అరిగింది. లేత్ మిషన్ కాడ గన్‌మెటల్ బుష్ కొట్టిస్తే సరిపోయింది. కొత్త డిస్ట్రిబ్యూటరే కొనుమని చెప్పేటోళ్లు ఉంటరు, వినకండి.

కిట్ బిగించుడు అల్కటి పని. పాయింట్లు, కండెన్సర్ తీసేయాలె. సెన్సర్‌ను ప్లేట్ మీద, మాగ్నెట్ రింగ్‌ను రోటర్ కింద పెట్టాలె. ఎర్ర వైరు ఇగ్నిషన్ కరెంటుకు, నల్ల వైరు కాయిల్ (ప్లగ్‌కు పెద్ద వోల్టేజ్ ఇచ్చేది) నెగెటివ్‌కు. ప్లగ్ వైర్లు ఉత్త రాగి తీగవి ఉంటే మార్చి సప్రెషన్ వైర్లు వేయాలె, లేకుంటే వాటి గోల సెన్సర్‌ను తికమక పెడుతది. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2, టైమింగ్ టీడీసీకి (పిస్టన్ పైకొసకు) 5 డిగ్రీలు ముందు. ప్లగ్ గ్యాప్ పాయింట్లతోని 0.75 ఎంఎం ఉండేది, ఇప్పుడు 0.9 పెట్టిన. ఇంజిన్ నడవకుండ స్విచ్ ఆన్‌లో ఉంచొద్దు, కిట్‌ల ఎలక్ట్రానిక్ మాడ్యూల్, కాయిల్ రెండూ కాలుతయి.

అసలు తిప్పలు ఇక్కడ మొదలైంది. ఇంటి ముందర ఇంజిన్ గడియారం తీరు నడిచింది. దేవరకొండ రోడ్డెక్కి, కొండమల్లేపల్లి రాకముందే టక్కున ఆగింది. మిస్సింగ్ లేదు, దగ్గుడు లేదు, స్విచ్ తీసినట్టే. మూత ఎత్తి అరగంట నిలబడితే మళ్లా స్టార్ట్. వేడెక్కితే మళ్లా అదే కథ.

చూసినోళ్లందరు ఒక్కటే మాట: కార్బురేటర్‌ల పెట్రోల్ మరుగుతున్నది, వేపర్ లాక్ (పెట్రోల్ ఆవిరై దారి మూసుకుపోవుడు). కార్బురేటర్ హెడ్డు మీదనే ఉంటది గదా, నమ్మబుద్ధి అయ్యే మాటనే. పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ వేస్తే స్టార్ట్ అయింది కూడా. కానీ గుడ్డ తడిపి తెచ్చి, వేసి, ఆగేసరికి ఇంజిన్ ఎట్లయినా చల్లారుతది. అది గుడ్డ మహిమ అనుకుంటే మోసపోతరు. ఊర్ల పేరున్న ఒక మెకానిక్ పది మంది ముందర "ఈ డబ్బాను తూకానికి ఎయ్యి సార్" అన్నడు. అని ఊరుకోలే, మెయిన్ జెట్టు (పెట్రోల్ కొలిచి వదిలే సన్న రంధ్రపు ముక్క) విప్పి రాగి తీగ పెట్టి గెలికిండు. జెట్టు రంధ్రం మిల్లీమీటర్‌లో వందో వంతు లెక్కన కొలిచి కోసేది. తీగతోని గీసినంక దాని మీద ఉన్న నంబరుకు అర్థం లేదు. అది పారేసి కొత్తది కొన్న. జెట్టు మూసుకుపోతే గాలి కొట్టాలె, క్లీనర్ కొట్టాలె, అంతే. ఎవరన్నా తీగ చేతిల పట్టుకుంటే బండి అక్కడి నుంచి తెచ్చుకోండి.

ఆగిన బండిల లోపం పెట్రోల్‌దా, కరెంటుదా తేల్చేది ఇట్ల. ఆగిన మరుక్షణమే, చల్లారకముందే చూడాలె. ఎయిర్ క్లీనర్ తీసి, ఇంజిన్ ఆపి ఉంచి, కార్బురేటర్ నోట్లకు చూసుకుంట యాక్సిలరేటర్ ఒక్కసారి నొక్కాలె. సన్న ధార చిమ్మితే ఫ్లోట్ గిన్నెల పెట్రోల్ ఉన్నట్టే, వేపర్ లాక్ కాదు. మా దాంట్ల ధార నిండుగ వచ్చింది. తర్వాత ఒక స్పేర్ ప్లగ్‌ను వైరుకు తగిలించి, ఒంటిని క్లిప్ వైరుతోని ఇంజిన్‌కు ఎర్త్ చేసి, కార్బురేటర్‌కు దూరంగ పెట్టి సెల్ఫ్ కొట్టాలె. నిప్పు రవ్వ రాలే. కాయిల్ మీద చెయ్యి పెట్టలేనంత వేడి.

మల్టీమీటర్‌ను కాయిల్ ప్లస్, మైనస్ నడుమ పెట్టి కొలిస్తే 1.5 ఓమ్స్. 3 ఓమ్స్ కాయిల్ కావాలని అడిగి తెచ్చింది, డబ్బా మీద 12 వోల్ట్ అని మాత్రం ఉన్నది. ఒకటిన్నర ఓమ్ కాయిల్ బ్యాలస్ట్ రెసిస్టర్ (కాయిల్‌కు కరెంటు తగ్గించేది) ఉన్న బండ్లకు. రెసిస్టర్ లేని బండికి పెడితే 12ను 3తో భాగిస్తే వచ్చే 4 ఆంపియర్ల జాగల 8 గుంజుతది. అంత కరెంటు సన్న మాడ్యూల్ నుంచి పోతే అది వేడెక్కి కట్ అయితది, చల్లారితే మళ్లా పనిచేస్తది. వేపర్ లాక్ తీరే! అమ్మినాయన "పవర్ ఎక్కువొస్తది" అని అంటగట్టిండు. కాయిల్ కొనేటప్పుడు మీటర్ వెంట తీసుకపోయి కౌంటర్ మీదనే కొలిచి డబ్బులియ్యండి. హైదరాబాద్‌ల స్పేర్ పార్టుల బజారు పుత్లీబౌలి పోయినా ఇదే పద్ధతి.

ఇంకో లోపం దానెనుక దాక్కున్నది. ఇంజిన్ నడుస్తుండగ మీటర్ ఒక తీగ బ్యాటరీ ప్లస్ మీద, ఇంకోటి కాయిల్ ప్లస్ మీద పెడితే అర వోల్ట్ కంటే ఎక్కువ చూపొద్దు. రెండు వోల్టులు దాటింది. పాత ఇగ్నిషన్ స్విచ్ వెనుక లగ్గు విప్పి చూస్తే తీగలు నల్లగ మాడి, ఇన్సులేషన్ బెల్లం పాకం లెక్క కారి గట్టిపడ్డది. సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీ 10 వోల్టులకు దిగుతది, అండ్ల రెండు ఇక్కడనే పోతే మాడ్యూల్‌కు మిగిలేది 8. పొద్దున లేటు స్టార్టింగ్‌కు కారణం అదే. రిలే పెట్టిన: 30వ పిన్‌కు బ్యాటరీ నుంచి 15 ఆంపియర్ ఫ్యూజ్ ద్వారా, 87 నుంచి కాయిల్, మాడ్యూల్‌కు, 86కు పాత స్విచ్ వైరు, 85 ఎర్త్. డిస్ట్రిబ్యూటర్ ఒంటి నుంచి బ్యాటరీ మైనస్‌కు వేరే ఎర్త్ వైరు కూడ లాగిన. 3 ఓమ్స్ కాయిల్ పెట్టినంక మళ్లా ఆగలే.

కరెంటు సక్కగ అయినంకనే కార్బురేటర్ ముట్టిన. సోలెక్స్ 32 ఎంఎంది తీసుకున్న. కొనేముందు పాతదాని స్టడ్‌ల నడుమ దూరం కొలిచి పెట్టుకోవాలె, కలువకుంటే అడాప్టర్ కావాలె. అద్దం మీద ఎమరీ కాయితం పరిచి ఫ్లాంజ్‌ను (కార్బురేటర్ అడుగు పలకను) రుద్దితే ఎక్కడ వంకరుందో మెరుపును బట్టి తెలుస్తది. హెడ్డుకూ కార్బురేటర్‌కూ నడుమ బేకలైట్ ముక్క, దానికి రెండు పక్కల ప్యాకింగ్ తప్పనిసరి, వేడిని ఆపేది అదే. నట్లు ఒకటి మార్చి ఒకటి కొంచెం కొంచెం బిగించాలె. బలం చూపిస్తే ఫ్లాంజ్ వంగి గాలి లీకయితది.

ఇప్పుడు బంకుల దొరికే పెట్రోల్‌ల 20 శాతం ఇథనాల్. పాత రబ్బరు గొట్టాలను లోపల మెత్తబరిచి, ఆ నల్ల పొడిని జెట్టులకు తెస్తది. ఇథనాల్ తట్టుకునే గొట్టాలు, పంపు డయాఫ్రమ్ మార్చినంకనే కార్బురేటర్ కలపండి. పాత జెట్టుతోని మిశ్రమం పలుచనయితది (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ) కాబట్టి మెయిన్ జెట్టు ఒక సైజు పెద్దది వేసిన. లోడ్ మీద ఘాట్ ఎక్కినంక ప్లగ్ తీస్తే లేత ఇటుక రంగు ఉండాలె. తెల్లగ ఉంటే ఇంకా పలుచన.

మిక్శ్చర్ స్క్రూ మెల్లగ ఆనేదాక తిప్పి, ఒకటిన్నర చుట్టు వెనుకకు. ఇంజిన్ వేడెక్కినంక వ్యాక్యూమ్ గేజ్ ముల్లు ఎక్కడ అన్నిటికంటే పైకి పోయి నిలకడగ ఉంటదో అక్కడ ఆపాలె, ఐడ్లింగ్ 600 ఆర్‌పీఎం దగ్గర. పొల్యూషన్ టెస్ట్‌ల ఇంత పాత బండికి సీఓ (కార్బన్ మోనాక్సైడ్) 3 శాతం లోపల ఉండాలె, ఈ సెట్టింగ్‌తోని ఇబ్బంది లేకుండ పాసయింది.

పాత పాయింట్ల ప్లేట్, కండెన్సర్‌తో సహా, ఒక స్క్రూడ్రైవర్, పాయింట్ల గ్యాప్ కొలిచే 0.5 ఎంఎం ఫీలర్ గేజ్ సీటు కింద పెట్టుకోండి. అడవిల మాడ్యూల్ పోతే దొరకదు, పాయింట్లు పెట్టుకొని ఇంటికి రావొచ్చు. ఎఫ్‌సీ వాళ్లు పని అయినంక సీట్ల నడుమ మూతకు కొత్త రబ్బరు వేయకుండ అద్దాలు మూసి నడపొద్దు, ఎగ్జాస్ట్ ఎక్కడ కొంచెం లీకున్నా ఆ పొగ నేరుగ క్యాబిన్‌లకే వస్తది.