ఇంచు పైపు అంటే ఏ ఇంచు?

పోయిన ఎండాకాలం ఖమ్మంలో మా ఇంటి వెనక గది స్లాబుకి తమలపాకంత తడి మచ్చ వచ్చింది. వానల్లేవు. డాబా ఎక్కి చూస్తే రెండో ట్యాంకు కింద ఎల్బో (పైపు మలుపు ముక్క) దగ్గర చుక్క చుక్కగా కారుతోంది. ప్లంబరు వచ్చి పైపులు అతికే సొల్యూషన్ పూసి మూడొందలు తీసుకున్నాడు. పది రోజులకి మళ్లీ అదే చుక్క. రెండోసారి రెండు రంగుల ముద్ద కలిపి చుట్టూ మెత్తాడు. మూడోసారి ఫోనెత్తలేదు. అమ్మ దాని కింద మగ్గు పెట్టి, నిండినప్పుడల్లా తులసి కోటలో పోస్తూ ఉంది.

ఎల్బోనే కదా, మార్చేద్దామని ఆదివారం పొద్దున నేనే దిగాను. బజారుకెళ్లి ఇంచు ఎల్బో ఇమ్మన్నాను, తెల్లది ఇచ్చాడు. ఇంటికొచ్చి ట్యాంకు నుంచి వచ్చే బూడిద రంగు పైపుకి తొడిగి చూశాను. అడ్డం లేకుండా అడుగు దాకా జారిపోయింది. వదిలేస్తే గిలక్కాయలా ఊగింది. మళ్లీ కొట్టుకెళ్లి చెబితే, "ఏం కాదన్నా, సొల్యూషన్ కాస్త మందంగా పెట్టు, పట్టేస్తది" అన్నాడు కుర్రాడు.

అక్కడే ఆగాను. ఎందుకంటే పాత ప్లంబరు చేసింది కూడా అదే. వాడు పెట్టిన ఎల్బోని రంపంతో నిలువునా కోశాను. లోపల సొల్యూషన్ గట్టిపడిన బెల్లం పాకంలా ఒక పక్క మందంగా పేరుకుని ఉంది, దాని నిండా సన్న బుడగలు. ఇంకో పక్క పైపుకీ ఎల్బోకీ మధ్య గోరు దూరేంత సందు. ఆ సందులోంచే నీళ్లు దారి చేసుకున్నాయి. సొల్యూషన్ అంటే జిగురు అనుకుంటాం కానీ అది సందులు పూడ్చేది కాదు. పైపు పై పొరనీ, ఎల్బో లాంటి ఫిట్టింగు లోపలి పొరనీ కరిగిస్తుంది, ఆ రెండూ ఒకదాన్నొకటి గట్టిగా ఒత్తుకుని ఉంటేనే కలిసిపోతాయి. సొల్యూషన్ లేకుండా పొడిగా తొడిగినప్పుడు పైపు సగం దాకా వెళ్లి బిగుసుకోవాలి. అడుగుదాకా జారిపోయిందంటే అది దాని జోడీ కాదు.

మరి రెండూ ఇంచే కదా? వెర్నియర్ కాలిపర్ మా ఇంట్లో ఎక్కడిది! అమ్మ కుట్టు డబ్బాలోంచి దారం తీసి పైపుల చుట్టూ చుట్టి, కొస కలిసిన చోట తెంపి, పాప స్కేలు మీద పరిచాను. డాబా మీద బూడిద రంగు పైపుకి దాదాపు పది సెంటీమీటర్లు. ఎల్బో అవతలి తెల్ల పైపుకి పదిన్నర. బాత్రూములోకి దిగే మీగడ రంగు పైపుకి తొమ్మిది. ముగ్గురూ ఇంచు పైపులే, ముగ్గురికీ మూడు నడుములు!

తర్వాత కళ్లజోడు పెట్టుకుని పైపుల మీద అచ్చు చదివాను. ఇన్నేళ్లలో ఎప్పుడూ చదవలేదు. బూడిద రంగు దాని మీద ఐఎస్ 4985 (మన దేశ ప్రమాణం నంబరు), 32 మి.మీ. అని ఉంది. దీన్ని వ్యవసాయం పైపు అంటారు, బయటి కొలత మిల్లీమీటర్లలోనే చెబుతారు, కొట్లో మాత్రం ఇంచు అంటారు. తెల్లది యూపీవీసీ, దాని మీద ఏఎస్‌టీఎం డి 1785 (అమెరికా ప్రమాణం), షెడ్యూల్ 40 (గోడ మందం తరగతి). దీని బయటి కొలత పాత ఇనుప పైపు లెక్క, ఇంచుకి 33.4 మి.మీ. మీగడ రంగుది సీపీవీసీ, ఐఎస్ 15778, ఎస్‌డీఆర్ 11 (ఇదీ గోడ మందం లెక్కే). దీనిది రాగి గొట్టం లెక్క, ఇంచుకి 28.6 మి.మీ. ముప్పావు ఇంచులోనూ దాదాపు అంతే తేడా: తెల్లది 26.7, మీగడది 22.2. మన కొట్లల్లో మాత్రం అన్నీ ఒకే అరలో, "ఇంచు", "ముప్పావు" అని బోర్డులతో.

బూడిద పైపు డాబా మీదకి ఎలా వచ్చిందో చెప్పాలి. మధిర పక్కన మా చేలో పశువుల తొట్టికి వేయగా మిగిలిన ముక్కలవి. రెండో ట్యాంకు పెట్టినప్పుడు నాన్న ట్రాక్టరు మీద తెచ్చి, "కొత్తవి ఎందుకురా, ఇవి లేవూ?" అన్నాడు. ఇప్పుడు దారాలు చూపిస్తే కాసేపు చూసి, "చేలో కారితే చెట్టుకే గదా పోయేది" అన్నాడు. నిజమే, అక్కడ కింద స్లాబు లేదు.

ఈసారి పాత బస్టాండు వైపున్న ఇంకో కొట్టుకి వెళ్లాను. పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఇంచు కావాలనగానే "ఏ పైపు?" అన్నాడు. మూడు దారాలూ కౌంటరు మీద పెట్టాను. నవ్వాడు. "కొలత కుదరని వాటిని సొల్యూషన్‌తో కలపమాక బాబూ, త్రెడ్డుతో, అదే మరతో, కలుపు. త్రెడ్డు అన్నింటికీ ఒకటే."

ఈ ఒక్క మాటకి ఆయనకి టీ ఇప్పించాలి. ప్లాస్టిక్ ఏదైనా, నడుము ఎంతైనా, మన దగ్గర కుళాయిలకీ వాల్వులకీ ఇంచు త్రెడ్డు ఇంచు త్రెడ్డే. అందుకని బూడిద పైపుకి దాని సొంత ఫిట్టింగు, చివర బయటి త్రెడ్డు ఉన్నది. తెల్ల పైపుకి దాని సొంత ఫిట్టింగు, లోపలి త్రెడ్డు ఉన్నది, అదీ ఇత్తడి వేసింది. ఒట్టి ప్లాస్టిక్ లోపలి త్రెడ్డులోకి ఇనుపదో ఇత్తడిదో బిగిస్తే ఇవాళ కాకపోతే ఆరు నెలలకి పగులుతుందన్నాడు. త్రెడ్డు మీద టెఫ్లాన్ టేపు బిగించే దిక్కుకే చుట్టాలి, ఎదురు చుడితే బిగించేటప్పుడు మొత్తం ముడతలు పడి బయటికి వస్తుంది. నేను మొదటిసారి ఎదురే చుట్టాను.

బోరు నుంచి వచ్చే నల్ల పైపు నన్ను ఇంకోలా మోసం చేసింది. అది హెచ్‌డీపీఈ, అంటే పాలిథీన్ పైపు, నీలం గీతలుంటాయి. దారం చుడితే అదీ పది సెంటీమీటర్లే, 32 మి.మీ. బూడిద సాకెట్‌లోకి కొలిచి చేసినట్టు దూరింది. సంబరపడి సొల్యూషన్ పూసి రాత్రంతా ఆరబెట్టాను. పొద్దున్నే పట్టుకు లాగితే పెన్ను మూతలా ఊడి చేతికొచ్చింది. పాలిథీన్‌ని ఆ సొల్యూషన్ కరిగించలేదు. పైపు మీద అది ఎండిన పాల మీగడలా రేకులు రేకులుగా లేచింది. దానికి వేడి చేసి అతకడమో, నట్టు బిగించే కంప్రెషన్ ఫిట్టింగో, అవే మామూలు దారులు. ఆకుపచ్చ పీపీఆర్ పైపు కూడా సొల్యూషన్‌కి లొంగదు, వేడి చేసే అతకాలి. అది మా ఇంట్లో లేదు, దేవుడి దయ.

మీగడ రంగు పైపు సంగతి వేరు. అది వేడి నీళ్లకి పుట్టింది, 93 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. సోలార్ హీటరు కింద మాత్రం ఎవరో అడుగు ముక్క తెల్ల పైపు ఇరికించారు. తెల్లది 60 డిగ్రీల దాకానే, మే నెల సోలార్ నీళ్లు ఆ గీత దాటేస్తాయి. ముక్క మధ్యలో నడుం వాలి వంగి ఉంది, గోరు పెట్టి నొక్కితే గుంట పడుతుందేమో అనిపించింది. అది తీసేసి హీటరు దాకా సీపీవీసీయే వేశాను. దాని సొల్యూషన్ డబ్బా కూడా వేరే కొన్నాను. రెండింటికీ ఒకటే సరిపోతుందని చెప్పేవాళ్లున్నారు. డెబ్బై రూపాయలకి నేను వాళ్లతో వాదన పెట్టుకోలేదు.

అన్నీ అతికించాక ఒక రోజంతా నీళ్లు వదలలేదు. ప్లంబర్లు పది నిమిషాలకే వాల్వు తిప్పేస్తారు, వాళ్లకి ఇంకో ఇల్లు ఉంటుంది. మాకు బకెట్లు మిగిలాయి. పక్కింటి నుంచి నీళ్లు మోస్తూ అమ్మ అన్న మాటలు ఇక్కడ రాయను. మర్నాడు సాయంత్రం వాల్వు తిప్పి, ప్రతి అతుకుకీ పాత దినపత్రిక ముక్క చుట్టి గంట కూర్చున్నాను. డాబా మీద ఒక్క కాయితం కూడా తడవలేదు.

కింద బోరు దగ్గరది మాత్రం తడిసింది. ఆ నల్ల పైపుని రంపంతో వంకరగా కోశాను, అంచు నున్నగా గీయలేదు, లోపలి రబ్బరు రింగు ఒక పక్క నలిగినట్టుంది. నట్టు ఇంకో పావు చుట్టు బిగిస్తే నాలుగు రోజులు ఆగుతుంది, మళ్లీ మొదలు. ఇంకో బెత్తెడు కోసి సరిగ్గా పెట్టాలంటే పైపు పొడవు చాలదు. ప్రస్తుతానికి అమ్మ మగ్గు అక్కడికి మారింది.