ఆ ఎర్ర లైటు వెలగాలి, వెలిగి ఆరిపోవాలి

మా కారు డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ లైటు 19 రోజులు ఆరకుండా వెలిగింది. సీట్లో కూర్చున్న మనిషి, ఎదురుగా గుండ్రటి బంతి, అదే బొమ్మ. ఆ 19 రోజులూ మేం ఆ కారులోనే తిరిగాం. అందులో రెండు రాత్రి ప్రయాణాలు. మావారు నడిపారు, నేను పక్కన కూర్చున్నాను, పాప వెనక సీట్లో నిద్రపోయింది.

కారు బాగానే నడుస్తోంది కదా అనుకున్నాం. ఒక్కసారికే స్టార్టవుతోంది, బ్రేకులు పడుతున్నాయి, ఎక్కడా చప్పుడు లేదు. సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు చూపిద్దాంలే అని మావారన్నారు, సరే అన్నాను. మెకానిక్ దగ్గరికి వెళ్ళింది కూడా వైపర్ రబ్బర్లు మార్పించడానికే. ఆయన లోపలికి తొంగి చూసి, "ఇది ఎన్నాళ్ళ నుంచి వెలుగుతోందమ్మా?" అన్నాడు.

"రెండు మూడు వారాలైందన్నా. బండికేం తేడా లేదు కదా అని వదిలేశాం."

"బండి నడవడానికీ దీనికీ సంబంధం లేదమ్మా. ఇది వెలుగుతోందంటే గుద్దుకున్నప్పుడు బెలూన్ రాకపోవచ్చు, బెల్టు బిగుసుకోకపోవచ్చు."

ఆ మాటతో నా కాళ్ళు చల్లబడ్డాయి. ఆ రెండు రాత్రులూ ఎదురుగా వచ్చిన లారీలన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. ఈ పోస్టు రాస్తున్నది అందుకే.

ఆయన నా సీటు వెనక్కి జరిపి, టార్చి వేసి కింద చూపించాడు. పసుపు రంగు గొట్టంలోంచి సన్నటి వైర్లు, చివర పసుపు ప్లాస్టిక్ సాకెట్. అది పూర్తిగా ఊడలేదు, ఒక పక్క కాస్త పైకి లేచి ఉంది, అంతే. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ వైరింగ్‌కి ఈ పసుపు రంగే పెడతారట, పనిచేసేవాళ్ళు దూరం నుంచే గుర్తుపట్టి జాగ్రత్తపడాలని. అప్పుడు గుర్తొచ్చింది. పాప రంగు పెన్సిళ్ళు సీటు కిందకి దొర్లిపోతే వాక్యూమ్ క్లీనర్ గొట్టం అక్కడ అటూ ఇటూ తిప్పాను. లైటు వెలగడం మొదలైంది ఆ మర్నాడే.

ఆయన వెంటనే దాన్ని ముట్టుకోలేదు. కీ తీసేశాడు, బ్యాటరీ టెర్మినల్ విప్పాడు, కొన్ని నిమిషాలు ఊరికే నిలబడ్డాడు. ఎందుకంటే గుద్దుకున్నప్పుడు బ్యాటరీ నలిగిపోయినా బ్యాగ్ విచ్చుకోవాలి కాబట్టి, ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్ కొంత కరెంటు తనలోనే దాచుకుంటుంది. అది ఖాళీ అయ్యేదాకా ఆగాలి. ఆ తర్వాత సాకెట్ నొక్కితే టక్‌మంది. స్కానర్ పెట్టి, తేడా ఉందని కారు కంప్యూటర్ రాసిపెట్టుకున్న ఫాల్ట్ కోడ్ చెరిపాడు. కీ ఆన్ చేస్తే ఎర్ర లైటు వెలిగింది, ఆరు సెకన్లు ఉంది, ఆరిపోయింది. ఇది చదివి ఎవరూ సొంతంగా సీటు కింద చెయ్యి పెట్టొద్దు. ఆ వైర్లకి కరెంటు కొలిచే మల్టీమీటర్ అస్సలు తగిలించొద్దు. మీటర్‌లోంచి వచ్చే చిన్న కరెంటుకే బ్యాగ్ పేలే ప్రమాదముంది.

కీ ఆన్ చేయగానే డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక లైట్లన్నీ ఒక్కసారిగా వెలుగుతాయి కదా, నేను ఇన్నేళ్ళూ దాన్ని పట్టించుకోలేదు. అది బళ్ళో హాజరు వేయడం లాంటిది. ప్రతి లైటూ ఒకసారి పలకాలి, పలికి ఊరుకోవాలి. ఇంజిన్ స్టార్టయ్యాక కూడా పలుకుతూనే ఉంటే అక్కడ ఏదో తేడా ఉన్నట్టు. అసలు పలకనిదాన్ని ఇంకా ఎక్కువ అనుమానించాలి. పాత కారు కొనేవాళ్ళు దీన్ని తప్పకుండా చూసుకోవాలి. ఒకసారి పేలిన ఎయిర్‌బ్యాగ్ మళ్ళీ పనికిరాదు, కొత్తది వేయాలి. అది వేయకుండా, లైటు కనబడకుండా చేసి అమ్మేసేవాళ్ళున్నారు. అందుకే ఆ బొమ్మ వెలిగి ఆరడం కళ్ళారా చూశాకే మిగతా బేరం మాట్లాడండి.

రంగుల సంగతి చాలామందికి తెలిసిందే. ఎరుపైతే ఇప్పుడే చూడాలి, పసుపైతే త్వరగా చూపించాలి, ఆకుపచ్చా నీలమూ ఊరికే కబురు చెబుతాయి. హెడ్‌లైట్లు హై బీమ్‌లో ఉంటే వచ్చే నీలం అలాంటిదే. కానీ ఎయిర్‌బ్యాగ్ లైటు కొన్ని కార్లలో ఎరుపు, కొన్నింట్లో పసుపు. పసుపే కదా అని దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

మిగతావాటిలో నన్ను ఎక్కువ భయపెట్టేది నూనె చుక్క కారుతున్న డబ్బా బొమ్మ. అది ఎర్రగా వెలిగితే ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని అర్థం. ఇంటిదాకా వెళ్ళిపోదాం అనుకోకూడదు. పక్కకి తీసి వెంటనే ఇంజిన్ ఆపేయాలి, ఆయిల్ అందకపోతే లోపలి భాగాలు నిమిషాల్లో ఒకదాన్నొకటి అరగదీసుకుంటాయి. థర్మామీటర్ బొమ్మ ఎర్రబడినా అంతే, ఆపాలి. వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీస్తే మాత్రం మరుగుతున్న నీళ్ళు మొహం మీద పడతాయి. బ్యాటరీ బొమ్మ వెలిగితే బ్యాటరీ పాడైందనే అనుకుంటాం గానీ, చాలాసార్లు ఛార్జింగ్ జరగడం లేదని దాని అర్థం. కారు కొంతదూరం నడిచి ఆగిపోతుంది. ఇంజిన్ బొమ్మ నిలకడగా వెలిగితే ఒకటి రెండు రోజుల్లో చూపించుకోవచ్చు, అదే ఆరుతూ వెలుగుతూ ఉంటే ఇంజిన్‌లో ఇంధనం సరిగా మండటం లేదని అర్థం, వేగం తగ్గించి దగ్గర్లోని మెకానిక్ దగ్గరికి పోవాలి. జారుతున్న కారు బొమ్మ నడిపేటప్పుడు మిణుకుమిణుకుమంటే భయపడనక్కర్లేదు, చక్రాలు జారకుండా అది తన పని తాను చేస్తోంది. అది ఆరకుండా ఉండిపోతేనే ఆలోచించాలి.

ఏబీఎస్ అంటే గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు. దాని లైటు ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకులు పనిచేస్తాయి, గట్టిగా తొక్కినప్పుడు మాత్రం చక్రాలు బిగుసుకుపోవచ్చు. దానితోపాటు ఎర్ర బ్రేకు లైటు కూడా వెలిగితే ఆ కారు నడపకండి. హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా దించినా ఎర్ర బ్రేకు లైటు పోకపోతే బ్రేకు ఆయిల్ తగ్గి ఉండొచ్చు. ప్యాడ్లు అరిగినా ఆయిల్ మట్టం దిగుతుంది, ఎక్కడైనా కారుతున్నా దిగుతుంది. ఏది కారణమో చూడకుండా ఊరికే ఆయిల్ పోసేసి లైటు ఆర్పేయడం తప్పు.

మళ్ళీ బెల్టు దగ్గరికి వస్తాను. మా మరిది కారులో బెల్టు లాక్‌లో ఒక ఉత్తి క్లిప్పు గుచ్చి ఉండేది, బీప్ మోగకుండా. నేను అడిగితే, "బెలూన్లు ఆరున్నాయి వదినా, ఇంకా బెల్టెందుకు?" అన్నాడు.

స్టీరింగ్ మీద ఎస్‌ఆర్‌ఎస్ అని మూడు అక్షరాలుంటాయి, చూశారా? అందులో మొదటి ఎస్‌కి అర్థం 'అదనంగా తోడుండేది' అని. అసలు పని బెల్టుది, ఎయిర్‌బ్యాగ్ దానికి తోడు. మూడు చోట్ల పట్టుకునే ఇప్పటి బెల్టుని 1959లో వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ తయారుచేశారు. ఆ పేటెంట్‌ని మిగతా కంపెనీలు కూడా వాడుకోనిచ్చింది వోల్వో. 1981లో మెర్సిడెస్ తన పెద్ద కారులో ఎయిర్‌బ్యాగ్ తెచ్చినప్పుడు కూడా, దానితోపాటు బెల్టుని లాగి బిగించే పరికరం కలిపే తెచ్చింది. ఆ రెండూ ఒకే కంప్యూటర్ మాట వింటాయి. అందుకే మా మెకానిక్ బెలూన్‌తోపాటు బెల్టు గురించీ చెప్పాడు.

గుద్దుకున్న క్షణం నుంచి బ్యాగ్ నిండేదాకా పట్టేది సెకనులో ఇరవయ్యో వంతు, రెప్పపాటు కన్నా తక్కువ. ఆ లోపలే బెల్టు ఒక్క గుంజు గుంజి మనిషిని సీటుకి అదిమి పెడుతుంది. బ్యాగ్ నిండి, చిల్లుల్లోంచి గాలి వదులుతూ మెత్తబడే సమయానికి తల దాని మీద వాలాలి. బెల్టు లేని మనిషి అప్పటికే సీటు వదిలి ముందుకి వచ్చేసి ఉంటాడు, ఇంకా విచ్చుకుంటున్న బ్యాగ్ దాదాపు 300 కిలోమీటర్ల వేగంతో వచ్చి అతన్నే కొడుతుంది. ఇంకో సంగతి. కొన్ని కార్లలో, బెల్టు పెట్టుకున్నారా లేదా అన్నదాన్ని బట్టి ఎంత దెబ్బకి బ్యాగ్ తెరవాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. ఉత్తి క్లిప్పు గుచ్చితే మనం ఆ కంప్యూటర్‌కి అబద్ధం చెప్పినట్టే. మరిదికి ఇదంతా చెప్పాను. ఏమీ మాట్లాడలేదు గానీ, తర్వాత వాళ్ళ కారెక్కినప్పుడు క్లిప్పు కనబడలేదు.

వెనక కూర్చునేవాళ్ళకి బెల్టు అక్కర్లేదన్న మాట వింటే నాకు ఇప్పుడు టెన్షన్ వచ్చేస్తుంది. 50 కిలోమీటర్ల వేగంలో గోడని గుద్దడమంటే సుమారు 10 మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడో అంతస్తు నుంచి కింద పడ్డంత దెబ్బ. కారు ముందుభాగం నలుగుతూ అర మీటరులో ఆగిందనుకుందాం. మనిషి బరువుకి దాదాపు 20 రెట్ల బలం మీద పడుతుంది. 60 కిలోల మనిషిని ఆపాలంటే 1,200 కిలోల బలం కావాలి. అది బెల్టు నుంచి రాకపోతే, ముందు సీట్లో ఉన్నవాళ్ళ వీపు నుంచి రావాలి.

చెల్లి పురుడు పోసుకుని ఇంటికొస్తున్న రోజు నాకు ఈ లెక్క తెలిసి ఉంటే బాగుండేది. బిడ్డని ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది, గట్టిగా పట్టుకుంటానంది, నేనూ సరేనన్నాను. మూడు కిలోల బిడ్డ ఆ క్షణంలో 60 కిలోల బరువవుతుంది, ఏ తల్లి చేతులూ దాన్ని ఆపలేవు. పైగా బిడ్డకీ డ్యాష్‌బోర్డుకీ మధ్య ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంటుంది. బిడ్డ వెనక సీట్లో, వెనక్కి తిరిగి ఉండే బేబీ సీట్లోనే ఉండాలి. వెనక్కి తిరిగిన సీటుని, ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీట్లో ఎప్పుడూ పెట్టకూడదు. ముందు అద్దం పైన మడిచే సన్‌వైజర్ మీద అంటించిన హెచ్చరిక కాగితం చెప్పేది ఇదే. మా పాపని కూడా 13 ఏళ్ళు వచ్చేదాకా ముందు కూర్చోబెట్టం, ఎంత అలిగినా సరే.

అత్తయ్య పొట్టిగా ఉంటారు. బెల్టు పెట్టుకుంటే మెడకి కోసుకుంటోందని, పై పట్టీని చంక కిందనుంచి తీసుకునేవారు. అలా తీసుకుంటే దెబ్బంతా పక్కటెముకల మీద పడి, లోపల కాలేయం దాకా దెబ్బతినొచ్చు. పై పట్టీ భుజానికీ మెడకీ మధ్య నుంచి ఛాతీ మీదుగా రావాలి. కింద పట్టీ పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద ఆనాలి. గర్భిణులకైతే పొట్ట కిందుగా, తొడల మొదట్లో. మా కారులో పై పట్టీ ఎత్తు మార్చే మీట ముందు సీట్లకే ఉంది. దాన్ని చివరిదాకా దించి, సీటు వెనక్కి జరిపి, అత్తయ్యని ముందు కూర్చోబెట్టాను. "ఇప్పుడు గుచ్చుకోవట్లేదే," అన్నారు. ఇన్నేళ్ళు ఆవిడ పడిన ఇబ్బందికి మందు అరచేతి వెడల్పు ప్లాస్టిక్ మీట.

నేను కూడా స్టీరింగ్‌కి బాగా దగ్గరగా కూర్చునేదాన్ని. టేపు పెట్టి కొలిస్తే ఛాతీ నుంచి హారన్‌దాకా 19 సెంటీమీటర్లు. కనీసం 25 ఉండాలి. సీటు కాస్త వెనక్కి జరిపి, కాళ్ళు అందేలా ఎత్తు పెంచి, స్టీరింగ్‌ని మొహం వైపు కాకుండా ఛాతీ వైపు తిరిగేలా దించుకున్నాను. చేతులు గడియారంలో తొమ్మిదీ మూడూ ఉండే చోట. పక్క సీట్లో డ్యాష్‌బోర్డు మీద కాళ్ళు చాపుకోవడం, సీటు వాల్చేసి పడుకోవడం మాన్పించాను. సీటు వాలిస్తే మనిషి బెల్టు కిందనుంచి జారిపోతాడు. సీట్ల పక్క కుట్టులో ఎయిర్‌బ్యాగ్ అని చిన్న చీటీ ఉంటే ఆ సీటు లోపలే బ్యాగ్ ఉన్నట్టు. అది బయటికి రావడానికి అడ్డమని, మేం వేయించిన మందపాటి కవర్లు తీసేశాం.

పోయిన ఆదివారం అయిదు బెల్టుల్నీ చివరిదాకా బయటికి లాగి, పగటి వెలుతురులో చూశాను. ఒక్కసారి గట్టిగా గుంజితే బిగుసుకోవాలి, వదిలితే తనంతట తాను లోపలికి పోవాలి. నాలుగు బాగున్నాయి. వెనక నడిమి సీటు బెల్టుకి ఒక అంచున దారాలు లేచి, గోటి వెడల్పున చిరిగి ఉంది, సీటు మడిచినప్పుడల్లా ఇనుప కొక్కేనికి రాసుకుని. దాన్ని కుట్టించకూడదు, మొత్తం మార్చాల్సిందే. కొత్తదానికి చెప్పాం. అది వచ్చేదాకా ఆ సీట్లో ఎవరినీ కూర్చోనివ్వడం లేదు.