వీపు కంటే ముందు గిట్టలు

సాయంత్రం పూట విశాఖ ఆర్కే బీచ్‌లో పిల్లలను ఎక్కించుకొని తిరిగే గుర్రాలను చూస్తూ పెరిగిన నాకు స్వారీ నేర్చుకోవాలన్న కోరిక నలభయ్యో ఏట తీరింది. మొదట చేరిన చోట, వెళ్లిన రోజే, పది నిమిషాలు గడవకముందే జీను మీద కూర్చోబెట్టి పగ్గాలు చేతికిచ్చారు. రెండు నెలలు తిరిగేసరికి గుర్రాన్ని కొద్దిగా పరుగు తీయించగలిగాను కానీ, అది పూటకు ఎంత మేస్తుందో, దేనికి బెదురుతుందో, ఒంట్లో బాగా లేనప్పుడు ఎలా ఉంటుందో నాకు తెలియలేదు. భీమిలి వైపున్న ఇంకొక శాలలో చేరిన తరువాతే, అంతవరకూ నేను నేర్చుకున్నది కూర్చోవడం మాత్రమేనని అర్థమైంది.

అక్కడ మొదటి రెండు వారాలు నన్ను గుర్రం ఎక్కనివ్వలేదు. కారణం అడిగితే, గుర్రాల పని చూసే పెద్దాయన "ముందు దాని కాళ్లు చూడండి బాబూ, వీపు తరువాత చూద్దురుగాని" అన్నారు. తెల్లవారుజామునే వెళ్లి లద్ది ఎత్తడం, నీళ్ల తొట్టి కడిగి నింపడం, ఒళ్లంతా బ్రష్షుతో దువ్వడం, నాలుగు గిట్టలనూ ఒక్కొక్కటిగా ఎత్తి ఇనుప కొక్కెంతో శుభ్రం చేయడం నా పని. గుర్రం కళ్లు తలకు ఇరుపక్కలా ఉండటం వల్ల సరిగ్గా తన వెనక ఉన్నదీ, ముక్కు ముందు మరీ దగ్గరగా ఉన్నదీ దానికి కనబడవు కాబట్టి, మాట్లాడుతూ భుజం వైపు నుంచి దగ్గరకు వెళ్లాలని ఆ రోజుల్లోనే అలవాటైంది.

అన్నిటికంటే ఎక్కువగా వాళ్లు నేర్పింది కడుపు గురించి. గుర్రానికి వాంతి చేసుకోవడం సాధ్యం కాదు. అంత పెద్ద ఒంటికి దాని జీర్ణాశయం 8 నుంచి 15 లీటర్లే. స్వేచ్ఛగా వదిలితే రోజులో 16 గంటల దాకా కొద్దికొద్దిగా మేస్తూనే ఉంటుంది. అందుచేత ఉలవలూ తవుడూ ఒక్కసారిగా కుమ్మరించకూడదు, మేతను ఉన్నట్టుండి మార్చకూడదు. మన తీరప్రాంతంలో ఇంకొక ప్రమాదం ఉంది: ఇసుక నేల మీద గడ్డి వేస్తే, దానితోపాటు లోపలికి పోయిన ఇసుక పేగుల్లో పేరుకొని నొప్పి తెస్తుంది. గడ్డి తొట్టిలోనే వేయాలన్న నియమం వెనక ఇంత కథ ఉందని మునుపటి చోట ఎవరూ చెప్పలేదు.

విశ్రాంతిగా ఉన్నప్పుడు గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. దవడ కింద వేలు పెట్టి ఆ లెక్కను రోజూ పుస్తకంలో రాయించేవారు. ఒక ఆదివారం మధ్యాహ్నం మా శాలలోని ఆడగుర్రం మేత మానేసి, ముంగాలితో నేల గీరుతూ, మాటిమాటికీ తన డొక్కల వైపు తిరిగి చూసుకోసాగింది. నాడి చూస్తే 60. పశువైద్యుడికి ఫోనులో ఆ అంకె, ఆఖరిసారి లద్ది వేసిన వేళ చెప్పగలిగాను; ఆయన వెంటనే బయలుదేరారు, చీకటి పడేసరికి అది తేరుకుంది. ఆ పుస్తకం రాయించినవారికి నేను రుణపడి ఉన్నాను.

విశాఖ ఉక్కపోతలో చెమట ఆరదు, ఆరకపోతే గుర్రం ఒళ్లు చల్లబడదు. అందుకే వేసవిలో ఉదయం ఏడు గంటలకల్లా స్వారీ ముగించి, నీళ్లు పోసి, నెమ్మదిగా నడిపిస్తాం. నాకడానికి ఉప్పుగడ్డ ఎప్పుడూ అందుబాటులో ఉంటుంది. మిట్టమధ్యాహ్నం పాఠాలు చెప్పే చోటికి మీ పిల్లలను పంపవద్దని నా మనవి.

"గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అన్న సామెతను మనవాళ్లు దెప్పిపొడవడానికి వాడతారు కానీ, గుర్రం కొనాలనుకునేవారు దానిని ఉన్నదున్నట్టుగా తీసుకోవాలి. పాతికేళ్లు, ఒక్కోసారి అంతకు మించి బతికే ప్రాణికి, స్వారీ చేయలేని చివరి ఏళ్లలో కూడా మేత, మందులు, ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి గిట్టలు చెక్కించడం తప్పవు. నేను కొంటానన్నప్పుడు మా శాలవారు బేరం మాట్లాడలేదు. మూడు నెలలపాటు ఆ ఆడగుర్రం ఖర్చంతా భరించి, పనంతా చేసి, ఆ తరువాత రమ్మన్నారు. చేశాను. డబ్బు సరిపోయింది కానీ, అర్ధరాత్రి ఫోను వస్తే మా ఇంటి నుంచి శాలకు చేరడానికి ముప్పావుగంట పడుతుందని తేలింది. అందుకే ఇంకా కొనలేదు. వారానికి నాలుగు రోజులు దాని పని మాత్రం నాదే. ఈ వానలకు దాని వెనక కుడి గిట్ట అడుగున మెత్తటి భాగం నల్లబడి వాసన వస్తోంది. గిట్ట తడవకుండా రోజూ పొడి రంపపు పొట్టు పరిచి వస్తున్నాను.