స్కాట్లండ్ అని రాస్తే కొట్టేశారు

పదకొండున్నర దాటింది. పిండి రుబ్బి గిన్నెలో పోశాను, గ్యాసు కట్టేశాను, వీధి తలుపు గడియ రెండోసారి చూసొచ్చాను. అయినా పడుకోబుద్ధి కావడం లేదు. ఎదురుగా టేబుల్ మీద చిన్నదాని జీకే టెస్టు పేపరు ఉంది. రేపు నా సంతకంతో వెనక్కి పంపాలి.

ఇరవైకి పద్దెనిమిది. పోయిన రెండింట్లో ఒకటి నిజంగానే తప్పు రాసింది, దాని సంగతి సరే. రెండోది ఇదీ: 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో మహిళల 10,000 మీటర్ల పరుగు గెలిచినామె ఏ దేశం తరఫున ఆడింది? చిన్నది "స్కాట్లండ్" అని గుండ్రంగా రాసింది. దాన్ని ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేసి, పక్కన "ఇంగ్లండ్" అని దిద్దారు.

కొట్టేసినందుకు కాదు, దిద్దినందుకు ఒళ్లు మండింది.

అన్నాల దగ్గర అడిగాను, టీచర్‌కి చెప్పలేదా అని. "చెప్పానమ్మా. రెండూ ఒకటేగా అన్నారు" అంది పెరుగన్నం కలుపుకుంటూ. ఈయన ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే "ఒక్క మార్కుకు ఏమైతది, వదిలెయ్" అన్నారు. "పిల్లకే లేని రంది నీకెందుకే" అంది అత్తమ్మ. ముగ్గురూ హాయిగా పడుకున్నారు.

రెండూ ఒకటేగా. సాయంత్రం నుంచీ ఆ మాట దగ్గరే ఆగిపోయాను.

చిన్నదానికి ఆ జవాబు ఏ గైడ్‌లోంచో రాలేదు. మూడేళ్ల కిందట నా పక్కన సోఫాలో కూర్చుని కళ్లారా చూసింది. బాగా పొద్దుపోయింది ఆ రాత్రి, మర్నాడు స్కూలు కూడా ఉంది, అయినా లేపలేకపోయాను. ఇరవై అయిదు చుట్లు. ఐలిష్ మెకాల్గన్ ముదురు నీలం బట్టల్లో, పొడుగ్గా, సన్నగా. చివరి చుట్టులో కెన్యా అమ్మాయి ఐరీన్ చెప్తెగై ఆమెను దాటేసి ముందుకెళ్లింది. "అయిపోయిందమ్మా" అంది చిన్నది. నేనూ అదే అనుకున్నాను. ఆఖరి మలుపు తిరిగాక ఎక్కడి నుంచి తెచ్చుకుందో ఆ ఊపు, మళ్లీ దాటేసింది. 30 నిమిషాల 48.60 సెకన్లు, ఆ క్రీడల్లో అప్పటిదాకా లేని రికార్డు. గీత దాటాక నేరుగా వెళ్లి స్టేడియంలోనే ఉన్న వాళ్లమ్మను వాటేసుకుంది.

వాళ్లమ్మ ఎందుకు ఏడుస్తోందని చిన్నది అడిగితే అప్పుడు చెప్పాను. వాళ్లమ్మ లిజ్ కూడా ఇదే పరుగులో, ఇదే క్రీడల్లో రెండుసార్లు బంగారం గెలిచింది. మొదటిది 1986లో, ఎడిన్‌బరోలో, సొంత గడ్డ మీద. దక్షిణాఫ్రికా వర్ణవివక్ష విషయంలో బ్రిటన్‌లోని థాచర్ ప్రభుత్వం తీరు నచ్చక 32 దేశాలు ఆ క్రీడలకు వెళ్లలేదు, మన దేశం కూడా. సగానికి సగం ఖాళీ అయిన ఆ పందిట్లో వాళ్ల జనానికి ఆనందం పంచినవాళ్లలో డండీ నుంచి వచ్చిన ఈ పిల్ల ఒకతి. రెండోది 1990లో ఆక్లండ్‌లో. ఆ ఏడాది నవంబరులోనే ఐలిష్ పుట్టింది. పసిపిల్లకు తొమ్మిది నెలలు నిండీ నిండగానే లిజ్ టోక్యో వెళ్లి ప్రపంచ ఛాంపియన్ అయింది. ఇది చెప్పినప్పుడు అత్తమ్మ కూడా పడక మీంచి లేచి కూర్చుంది. "బాలింతా?" అని అడిగింది. అత్తమ్మకు ఆ ఇంట్లో తొమ్మిదో నెలకే నాట్లకు వెళ్లిన రోజులున్నాయి.

అంత చూసిన పిల్ల, అంత విన్న పిల్ల రాసిన జవాబది. దాని మీద ఎర్ర గీత.

నాకింత కోపం ఎందుకో నాకు తెలుసు. నాన్న.

నాన్న ఝాన్సీలో రైల్వేలో చేసిన రోజుల్లో కాలనీ మొత్తానికి మేం "మద్రాసీ"లం. పాలవాడికి, కిళ్లీ కొట్టు అతనికి, నాన్న పై ఆఫీసరుకి కూడా. "మద్రాస్ కాదు, ఆంధ్రా. మాది తెనాలి" అని నాన్న ప్రతిసారీ చెప్పేవారు. విసుగూ లేదు, కోపమూ లేదు. టికెట్లు చూసే మనిషి కదా, తప్పు ఊరి పేరు పడితే దిద్దకుండా ఉండలేకపోయేవారు. ఓసారి కాలనీ దీపావళి కార్యక్రమంలో నా చేత కూచిపూడి వేయించారు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. మైకులో ఒకాయన "అబ్ ఏక్ మద్రాసీ డాన్స్" అన్నాడు. నేను గజ్జెలతో తెర పక్కన నిలబడి ఉన్నాను. హాల్లో మూడో వరసలో నాన్న లేచారు. లేచి, అంతమందిలో, వచ్చీరాని హిందీలో, అది కృష్ణా జిల్లాలో ఒక ఊరి పేరనీ, ఆ ఊళ్లో పుట్టిన నాట్యమనీ, అది మద్రాసీ డాన్స్ కాదనీ చెప్పారు. ఎవరో వెనక నవ్వారు. నేను తెరలో ముఖం దాచుకున్నాను. పాట మొదలైనా బయటికి రాలేదు. అమ్మ వచ్చి నెడితే వచ్చాను. ఇంటికెళ్లేదాకా నాన్నతో మాట్లాడలేదు. రిక్షాలో అమ్మ, "ఎన్నాళ్లని చెబుతారండీ, వాళ్లకంతా ఒకటే" అంది. "మనక్కాదుగా" అన్నారు నాన్న.

ఆ రాత్రి నాన్న మీద అలిగినందుకు ఇప్పటికీ బాధ. ఆయన ఉన్నప్పుడు ఈ మాట చెప్పలేదు.

అందుకే పేపరు వెనక రాయడం మొదలుపెట్టాను. నాలుగు వాక్యాలు రాశాను కూడా. కామన్వెల్త్‌లో బ్రిటన్ జట్టు ఉండదనీ, ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్ వేటికవే వస్తాయనీ, స్కాట్లండ్ వాళ్లు గెలిస్తే మోగే పాట కూడా వేరనీ. ఆ ఒక్క క్రీడల్లోనే స్కాట్లండ్ 51 పతకాలు తెచ్చుకుంటే, అందులో 13 బంగారాలుంటే, ఒక్కో పతకం దగ్గరా నీలం మీద తెల్ల ఏటవాలు గీతల జెండా ఎగిరితే, అది కనిపించలేదా అని రాయబోయాను. అంధుల లాన్ బౌల్స్‌లో పక్కన నిలబడి దారి చెప్పిన జార్జ్ మిల్లర్‌కి 75 ఏళ్లు, కామన్వెల్త్ బంగారం గెలిచిన అందరిలోకీ పెద్దవాడు, ఆయన్ని కూడా ఇంగ్లండ్ అనేస్తారా అని.

అక్కడ పెన్ను ఆగింది. ఆగిన కారణం టీచర్ కాదు.

ప్రశ్నలో కామన్వెల్త్ బదులు ఒలింపిక్స్ ఉండి, చిన్నది అదే జవాబు రాసి ఉంటే? అప్పుడు తప్పే కదా. ఐలిష్ నాలుగు ఒలింపిక్స్‌లో పరిగెత్తింది, నాలుగూ బ్రిటన్ తరఫునే. వాళ్లమ్మ 1988లో సియోల్‌లో గెలిచిన వెండీ బ్రిటన్‌దే. ఈతగాడు డంకన్ స్కాట్, గ్లాస్గోలో పుట్టినవాడు, 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్‌లో ఒక్కడే ఆరు పతకాలు స్కాట్లండ్‌కి తెచ్చాడు. అతనే ఒలింపిక్స్‌లో మొత్తం ఎనిమిది పతకాలు బ్రిటన్‌కి తెచ్చి, సైకిల్ వీరుడు క్రిస్ హోయ్ ఏడింటినీ దాటాడు. ఈతకొలనులో వాళ్లకు ఇంగ్లండ్ కుర్రాళ్లే రిలే జతగాళ్లు. ఒక ఏడాది పక్క లేన్లో ప్రత్యర్థి, ఇంకో ఏడాది భుజం మీద చెయ్యి. వాళ్లకు ఇందులో ఇబ్బంది ఉన్నట్టు నాకెప్పుడూ కనపడలేదు.

ఇబ్బంది పడ్డది మా ఇంట్లో.

2014 గుర్తొచ్చింది. జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. జూలై 23న స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో కామన్వెల్త్ క్రీడలు మొదలయ్యాయి. నాన్న అప్పుడు మా దగ్గరే ఉన్నారు, మోకాలి నొప్పికి చూపించుకోవడానికి వచ్చి. పొద్దుగూకులూ టీవీయే. మొదటిరోజే జూడోలో మన సుశీలాదేవిని ఫైనల్లో ఓడించి స్కాట్లండ్ అమ్మాయి కింబర్లీ రెనిక్స్ బంగారం గెలిచింది. "అయ్యో" అనుకుంటుండగానే అదే రోజు ఆమె అక్క లూయీజ్ కూడా ఇంకో బరువులో బంగారం గెలిచింది. ఒకే ఇంట్లో రెండు, ఒకే రోజు. మన పిల్ల ఓడినా ఆ అక్కచెల్లెళ్లను చూసి నాన్న చప్పట్లు కొట్టారు. బ్యాడ్మింటన్‌లో కిర్స్టీ గిల్మర్ సొంత జనం ముందు వెండి గెలిచింది, మన సింధుకు కాంస్యం. (2026లో మళ్లీ గ్లాస్గోకే ఇచ్చారు, కానీ పది క్రీడలతో సరి, బ్యాడ్మింటన్ తీసేశారు. ఇది ఇంకో కోపం, ఇంకో రాత్రికి.)

ఆగస్టు 3, ఆదివారం. పారుపల్లి కశ్యప్ ఫైనల్. మూడో గేమ్ 21-19. సయ్యద్ మోదీ తర్వాత 32 ఏళ్లకు పురుషుల సింగిల్స్ బంగారం. నాన్న మోకాలు మర్చిపోయి లేచి నిలబడ్డారు. ఈయన కూడా లేచి, ఒడిలో రెండేళ్ల చిన్నదాన్ని ఎగరేసి, "మా హైదరాబాద్ పోరగాడు! తెలంగాణకు మొదటి బంగారం!" అన్నారు.

నేను, "మా ఏంటండీ, తెలుగువాడు అంటే చాలదా? రెండూ ఒకటేగా" అన్నాను.

సరిగ్గా అవే మాటలు.

ఈయన ఏమీ అనలేదు. పిల్లను కిందకు దింపి, నీళ్లు తాగొస్తానని లోపలికెళ్లారు. హన్మకొండలో కాలేజీ రోజుల్లో రోడ్ల మీద కూర్చున్న మనిషి. రెండు నెలలే అయింది ఆ పేరు చేతికొచ్చి. దాన్ని నోరారా ఒక్కసారి పలికితే, నేను అడ్డంగా గీత గీసి పక్కన నాకు నచ్చింది దిద్దాను. నాన్న నా వైపు చూశారు. తప్పు అన్నట్టు తల ఊపారు, అంతే. నేను అప్పుడు ఆ చూపును అల్లుడి మీద మొహమాటం అనుకున్నాను. "కలిసి ఉండాలనేగా నేనన్నది" అని వంటింట్లో చాలాసేపు నాకు నేనే చెప్పుకున్నాను.

ఆ సెప్టెంబరులోనే స్కాట్లండ్ వాళ్లు ఓటేశారు, బ్రిటన్ నుంచి విడిపోదామా వద్దా అని. జూలైలో ఆ జెండా ముఖాలకు పూసుకుని గ్లాస్గో వీధుల్లో అరిచిన ఊళ్లోవాళ్లే. 53 పతకాలు, 19 బంగారాలు, వాళ్ల చరిత్రలోనే ఎక్కువ. ఆ ఊపు చూసి విడిపోతారనే నేననుకున్నాను. నూటికి 55 మంది ఉందామన్నారు. కలిసి ఉన్నారు, పేరు మాత్రం వదల్లేదు. అప్పుడు అది నాకు అర్థంకాని విషయంలా అనిపించింది. ఈ రాత్రి అనిపించడం లేదు.

వెనక రాసిన నాలుగు వాక్యాలూ కొట్టేశాను. టీచరమ్మ చెడ్డ మనిషి కాదు. నలభై మంది పేపర్లు దిద్దుకుంటూ, మ్యాపులో ఒకే ద్వీపం కదా అనుకుని ఉంటుంది. నేను ఒకే భాష కదా అనుకోలేదూ? కానీ జవాబు మాత్రం జవాబే, దాన్ని వదలను. "ఈ జవాబు సరైనదేనండీ, దయచేసి మరోసారి చూడగలరు" అని ఒక్క ముక్క రాసి సంతకం పెడదామనుకున్నాను. మళ్లీ అనిపించింది, నాన్న ఆరోజు హాల్లో లేచినట్టు నేను లేస్తే, చిన్నది తెరలో ముఖం దాచుకుంటుందేమో. రేపు పొద్దున దాన్నే అడగాలి, రాయనా వద్దా అని.

ఇంతలో ఈయన లేచొచ్చారు, మంచినీళ్లకి. "ఇంకా పండుకోలేదా?" అంటూ గ్లాసు పట్టుకునే పేపరు తీసి చూశారు. అన్నాల దగ్గర చూడనే లేదు కదా. ఎర్ర గీత దాకా వచ్చి ఆగారు.

"స్కాట్లండే గదా ఆ పిల్ల. ఎందుకు కొట్టేసిన్రు?"

"రెండూ ఒకటేనట" అన్నాను.

ఈయన గ్లాసు బల్ల మీద పెట్టి కుర్చీ లాక్కున్నారు. "ఆ పెన్ను ఇటియ్యి" అన్నారు.